ఇద్దరికైతేనే వండుతారు

ఫిబ్రవరి 24, మంగళవారం

ఎర్ర చుక్క నొక్కితే ఫోను వింటుందనీ, విన్నదంతా రాసిపెట్టుకుంటుందనీ వృద్ధుల కేంద్రంలో నేర్పారు. తారీకు కూడా అదే వేసుకుంటుందట. నాకు చదవడం రాదు కాబట్టి ఇది రాస్తోందో లేదో తెలియదు. రాయకపోయినా నష్టం లేదు. ఇది ఎవరికీ చూపించేది కాదు. కానీ న్యాయం నా వైపుందన్న మాట ఎక్కడో ఒకచోట పడి ఉండాలి.

నా పేరు యాంగ్ బొంగ్‌నే. డెబ్భై తొమ్మిదేళ్ళు. తొంగ్‌యొంగ్ రేవులో ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో నలభై మూడేళ్ళుగా అదే పీట మీద కూర్చుంటున్నాను. నా కత్తి పెడితే నోరు తెరవని ఆల్చిప్ప లేదు. కన్నకొడుకు నోరు తెరిపించడం మాత్రం ఏనాడూ నా వల్ల కాలేదు.

ఆ కొడుకే ఈరోజు పొద్దున వచ్చాడు. తేసిక్. నలభై ఆరేళ్ళవాడు, బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అమ్మా, నేనూ మిరానూ కోర్టులో కాగితాలు ఇచ్చేశాం. ఆలోచించుకోమని నెల గడువిచ్చారు. ఆలోచించుకోడానికి ఏం లేదు."

"అన్నం తిన్నావా?"

"విడాకుల సంగతి చెబుతున్నానమ్మా."

"నేను అన్నం సంగతి అడుగుతున్నాను."

తినలేదన్నాడు. పెట్టాను. తిన్నాడు. రెండోసారి అన్నం పెట్టించుకుంటూ అసలు మాట బయటపెట్టాడు.

"ఇకమీదట అత్తగారితో కలిసి హోటళ్ళకి వెళ్ళడం మానెయ్. మేం విడిపోయాక మీరిద్దరూ పరాయివాళ్ళేగా? మాకు పిల్లాజెల్లా లేరు. ఏ వరసా మిగలదు. ఊళ్ళో నవ్వుతారు."

నేనేమీ ఆవిడ మీద ప్రేమకొద్దీ కలిసి తినడం లేదు. ముందు అది రాసుకో.

ఇక నా వాదన. పద్నాలుగేళ్ళ కిందట, పెళ్ళి మాటల కోసం రెండు కుటుంబాలూ హోటల్లో కూర్చున్న రోజు. బల్ల మీదికి కాల్చిన చేప వచ్చింది. పై వైపు అయిపోగానే చో ఓక్‌బున్, అంటే మిరాన్ తల్లి, సముద్రం మొహం ఎరగని దేగు మనిషి, తినే పుల్లలతో ఆ చేపను పట్టి టప్పున తిరగేసింది. మా ఆయన అప్పటికింకా వేటకి వెళుతున్నాడు. చేపను తిరగేస్తే పడవ తిరగబడుతుంది. పై వైపు తిన్నాక నడుం ముల్లు ఎత్తి పక్కన పెట్టి కింది వైపు తినాలి. ఈ ఊళ్ళో పళ్ళు రాని పిల్లకి కూడా తెలిసిన సంగతి. మా ఆయన పుల్లలు కింద పెట్టేశాడు. నేను నవ్వు మొహంతోనే అందరినీ సాగనంపి, ఇంటికి వచ్చి, కీడు లోపలికి రాకుండా గుమ్మంలో ఉప్పు చల్లాను.

పడవ తిరగబడలేదు. ఇన్నాళ్ళకి కాపురం తిరగబడింది. ఇదీ నా వాదన. తప్పు మా వైపుది కాదు.

ఫిబ్రవరి 25, బుధవారం

ఆవిడ డబ్బా ఒకటి నా దగ్గర ఉండిపోయింది. నీలం మూతది. ఉంచేసుకుంటే దొంగతనం. ఖాళీగా తిరిగిస్తే ఛీ కొట్టినట్టు. కాబట్టి ఆల్చిప్పల ఊరగాయ పెట్టి ఇచ్చేసి వచ్చేస్తాను.

ఫిబ్రవరి 27, శుక్రవారం

డబ్బా ఇవ్వడానికే వెళ్ళాను. అది మధ్యాహ్నం కావడం, ఆవిడ ఉన్న చోటు హోటల్ కావడం నా తప్పు కాదు.

మంగళవారం, శుక్రవారం మేం తినే చోటు చేపల మార్కెట్ వెనక సందులో ఉంది. రిబ్బన్ చేప పులుసుకి పేరు. అడుగున ముల్లంగి దుంపలు పరిచి, పైన చేప ముక్కలు పెట్టి, ఎర్రగా ఉడికిస్తారు. ఒకటే గిన్నె, మధ్యలో. ఒక్కరికైతే వండరు. ఇద్దరు కూర్చోవాలి.

ఆరేళ్ళ కిందట అలాగే నన్ను గుమ్మంలో ఆపేశారు. మా ఆయన మూడో సంవత్సరికం పెట్టిన మర్నాడు. ముందురోజంతా చచ్చినవాడికి వండి పెట్టాను, ఈరోజు బతికినదానికి ఎవరైనా వండి పెడితే బాగుండునని వెళ్ళాను. హోటలామె చేతులు తుడుచుకుంటూ "ఒక్కరికి పెట్టం బామ్మా, ఇద్దరికైతేనే" అంది. ఆ మాటే ఇంకొకరికి కూడా చెబుతోంది. తిరిగి చూస్తే గుమ్మం అవతల ఓక్‌బున్. మొగుడు పోయి, కూతురికి దగ్గరగా ఉంటుందని ఈ ఊరు వచ్చి నెల కాలేదు. మా ఇద్దరికీ మాటల్లేవు. వియ్యాలవారిల్లూ మరుగుదొడ్డీ ఎంత దూరముంటే అంత మంచిదని మా అమ్మ అనేది. కానీ లోపల ఎవరిదో గిన్నె కుతకుతలాడుతోంది. వాసన వీధిలోకి వస్తోంది.

"వదినగారూ, ఆకలిగా ఉందా?" అంది ఆవిడ.

"లేకపోతే ఇక్కడెందుకు నిలబడతాను?"

అలా కూర్చున్నాం. ప్రేమ కాదు, ఆకలి కూర్చోబెట్టింది.

ఆ రోజే ఆవిడకు నా సంగతి తెలిసిపోయింది. గోడ మీద చీటీలు చూస్తున్నట్టు నటిస్తున్నాను. ఆవిడ నా మొహం చూడలేదు. తనలో తాను గొణుక్కుంటున్నట్టు, "ఏముందీ... రిబ్బన్ చేప పులుసు, కాల్చిన చేప, మెత్తళ్ళ కూర..." అని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పైకి చదివింది. ఆరేళ్ళుగా ఎక్కడికి వెళ్ళినా అంతే. నన్ను అడగలేదు, ఎవరితో అనలేదు. నా కొడుక్కి కూడా తెలియని సంగతి అది. వాడు ఇప్పటికీ నాకు ఫోనులో సందేశాలు పంపుతాడు.

సరే, ఇవాళ్టి మాట. కూర్చోగానే డబ్బా ముందుకు తోశాను.

"ఇదిగో మీ డబ్బా. మా వాడు మీతో తినొద్దన్నాడు."

"మా అమ్మాయీ అంది" అంది ఆవిడ. మూత ఎత్తి వాసన చూసింది. "కారం ఎక్కువేశారు."

"తినకండి అయితే."

"తినననలేదుగా."

గిన్నె వచ్చింది. నేను చేప ముక్కలో ముల్లు తీసి ఆవిడ అన్నం మీద పెట్టాను. ఆవిడ అడుగున ఉన్న ముల్లంగి దుంపలు ఏరి నా అన్నం మీద పెట్టింది. పులుసంతా పీల్చుకున్న ముల్లంగి చేపకన్నా రుచి అంటుంది. ముల్లు తీయడం చేతకానివాళ్ళు అలాగే అంటారు.

"వాళ్ళ ఫ్రిజ్ చూశారా వదినగారూ?" అంది మెల్లిగా.

చూశాను. కొత్త సంవత్సరానికి వెళ్ళినప్పుడు. ప్రతి డబ్బా మీదా చిన్న చీటీ అతికించి ఉంది. కూరల పేర్లేమో అనుకున్నాను. ఎంత పద్ధతైన పిల్ల అని షెడ్డులో చెప్పుకున్నాను కూడా.

"పై అర అంతా మిరాన్ అని రాసి ఉంది. కింది అర అంతా తేసిక్ అని. గుడ్లకి కూడా."

గుడ్లకి కూడానట. ఒకే కప్పు కింద, ఒకే గిన్నె లేకుండా ఎన్నాళ్ళ నుంచి తింటున్నారో. మేం మాత్రం వారానికి రెండుసార్లు ఒకే గిన్నెలో చెంచాలు ముంచుతూ, పిల్లలు బాగున్నారా అంటే బాగున్నారని ఒకరికొకరం చెప్పుకుంటూ వచ్చాం.

వచ్చేటప్పుడు ఆవిడ అంది. "కోర్టు పనయ్యాక మాసాన్ వెళ్ళిపోదామంటోంది మిరాన్. అక్కడ ఉద్యోగం దొరికిందట. రెండు గదుల ఇల్లు. నన్నూ రమ్మంటోంది."

"వెళ్ళండి" అన్నాను. "అక్కడ మాత్రం అన్నం దొరకదా?"

ఆవిడ నీలం మూత డబ్బా సంచిలో పెట్టుకుని సందు దాటింది.

మార్చి 3, మంగళవారం

తిన్నాం. దాని గురించి చెప్పడానికేమీ లేదు.

మార్చి 6, శుక్రవారం

మాచిపత్రి లేతాకు వచ్చింది. దీవుల్లో రాళ్ళ మధ్య, సముద్రపు గాలి తగిలి మొలిచినది. ఆ ఆకుతో దొదారి చేప చారు కాస్తే చలికాలం వెళ్ళిపోయినట్టే లెక్క. మూడు వారాలే. తర్వాత ఆకు ముదిరిపోతుంది. ఆరేళ్ళుగా మొదటి చారు మేమిద్దరమే తాగుతున్నాం, మొగుళ్ళతో కూడా అంత నియమంగా తాగలేదు.

అంత మంచి చారు ముందు పెట్టుకుని దెబ్బలాడుకున్నాం. మొదలుపెట్టింది ఆవిడే. లేదు, మొదలుపెట్టింది నేనే. కానీ రెచ్చగొట్టింది ఆవిడ.

"మాసాన్‌లో ఈ ఆకు దొరుకుతుందంటారా?" అంది.

"మీ అమ్మాయికి దొరికినా వండడం రావద్దూ?" అన్నాను.

"మీ అబ్బాయికి ఇంటికి రావడం రావద్దూ, వండితే?"

"ఓడల కార్ఖానాలో ఇనుము అతికేవాడు. పని వదిలి వస్తాడా?"

"పని అయ్యాక కూడా రాడుగా. మిరాన్ చారు ఎన్నిసార్లు వెచ్చపెట్టిందో నాకు తెలుసు. ఐదోసారి ఏ చారైనా ఉప్పునీళ్ళే వదినగారూ."

నిజమే. అది నిజమని తెలిసే నాకు కోపం వచ్చింది. పద్నాలుగేళ్ళుగా నోట్లో దాచుకున్నది ఉమ్మేశాను.

"అసలు మీరు ఆ రోజు చేప తిరగేసినప్పుడే అయిపోయింది ఈ కాపురం."

ఆవిడకి ముందు అర్థం కాలేదు. చెప్పాను. చేప, పడవ, మా ఆయన పుల్లలు కింద పెట్టడం, ఉప్పు చల్లడం, అన్నీ చెప్పాను. హోటలామె గిన్నెలు కడగడం ఆపి వింటోంది. ఓక్‌బున్ చెంచా పక్కన పెట్టింది.

"అయితే ఆరేళ్ళుగా మీరు నాకు ముల్లు తీసి పెడుతున్నది..." అని ఆగింది. "ప్రేమతో అనుకున్నాను. నా చేతికి చేప తగలకుండా కాపలా కాస్తున్నారన్నమాట."

"అదేం మాట?"

"కాదా మరి?"

కాదని నేను అనాలి. అనలేదు. నాలుగు మాటలకి నలభై మాటలు చెప్పేదాన్ని, ఆ ఒక్కటి నోట రాలేదు. ఆవిడ మెడకి చుట్టుకున్న గుడ్డ సర్దుకుని లేచింది. గిన్నె అడుగున అంటిన అన్నం మాడుపెచ్చులో వేడినీళ్ళు పోసి తెచ్చారు, అది కూడా తాగలేదు. అన్నం చివర ఆ నీళ్ళు తాగకుండా లేచిన రోజు ఇంతవరకు లేదు.

చారు మిగిలిపోయింది. రెండు గిన్నెల్లోనూ.

మార్చి 10, మంగళవారం

ఆవిడ రాలేదట. నేను వెళ్ళలేదు. సందు చివర నుంచి చూశాను, అంతే.

మార్చి 13, శుక్రవారం

ఎవరూ లేకపోతే అన్నం దిగదా? లోపలికి వెళ్ళి కూర్చున్నాను.

"ఒక్కరేనా బామ్మా?" అంది హోటలామె. నాకు తెలిసిన మనిషే, అయినా అడుగుతుంది. "పోనీ ఈ ఒక్కసారికి చిన్న గిన్నెలో..."

"నాకేం దానధర్మాలు అక్కర్లేదు. ఇద్దరికీ తే."

రెండు అన్నం గిన్నెలు, రెండు చెంచాలు, రెండు జతల పుల్లలు పెట్టింది. ఎదుటి అన్నం గిన్నె మూత నేను తీయలేదు, చల్లారిపోతుందని.

"వస్తున్నారా ఆవిడ?"

"వస్తుంది. దారిలో ఉంది."

ముల్లు తీసిన ముక్క చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అలాగే కూర్చున్నాను. చివరికి నేనే తిన్నాను. ముల్లంగి దుంపలు అడుగునే ఉండిపోయాయి. తీసుకుందామని చూశాను కానీ ఎందుకో అవి నాకు ఇష్టం లేదనిపించింది. ఈ ఆరేళ్ళూ తిన్నాను కదా, అప్పుడు ఇష్టమే మరి.

హోటలామె మూత తీయని అన్నాన్ని పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. మంచి మనిషి, పులుసులో ఉప్పు మాత్రం ఎక్కువేస్తుంది.

మార్చి 19, గురువారం

తేసిక్ వచ్చాడు. సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "అత్తగారిచ్చారు" అని, అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయాడు. నా నీలం మూత డబ్బా. నాది కాదు, ఆవిడది. ఇప్పుడు ఎవరిదో కూడా తెలియదు.

మూత తీశాను. తుడిచి, ఆరబెట్టి, ఖాళీ.

ఆరేళ్ళలో ఆ డబ్బా ఎప్పుడూ ఖాళీగా రాలేదు. ఒకసారి ఆవిడకి జ్వరం వస్తే, ఏమీ వండలేక, నాలుగు కమలాపండ్లు పెట్టి పంపింది. ఒకసారి నేను ఏమీ లేక ఉప్పు పెట్టి పంపాను. మంచి ఉప్పే.

సరే. అర్థమైంది. చదువుకున్నవాళ్ళు ఉత్తరం రాస్తారు, చదువు రానిదానికి ఖాళీ డబ్బా పంపుతారు. ఆవిడ నన్ను బాగానే చదివింది. ఇక ఆ మనిషి పేరు ఈ ఫోనులో ఎత్తను.

మార్చి 20, శుక్రవారం

ఎత్తలేదు.

మార్చి 23, సోమవారం

చెయ్యి కోసుకున్నాను. నలభై మూడేళ్ళలో రెండోసారి. పక్క పీట మీది దల్‌సుక్ నా చేతికి గుడ్డ చుడుతూ నాలుక దురద తీర్చుకుంది.

"ఏం బొంగ్‌నే అక్కా, మీ వియ్యపురాలు మాసాన్ పోతోందటగా. ఇక నీకు సావాసం ఎవరు? మాతో వచ్చి సేమ్యాలు తిను."

"మీ సేమ్యాలు మీరే తినండి."

"మొగుడు పోయినప్పుడు కూడా నీ మొహం ఇంతగా వేలాడలేదు."

కత్తి ఆ చేతిలో లేదు కాబట్టి బతికిపోయింది.

మార్చి 24, మంగళవారం

ఇది జాగ్రత్తగా రాసుకో.

తేసిక్ ఇల్లు వదిలి కార్ఖానా దగ్గర ఒంటి గది తీసుకున్నాడు. వాడు ఏం తింటున్నాడో చూద్దామని, ముల్లంగి కిమ్చీ, ఎండుచేపల వేపుడు పట్టుకుని రెండు బస్సులు మారి వెళ్ళాను. మధ్యాహ్నం సెలవులో గదికి వచ్చి ఉన్నాడు. నేల మీద చిన్న బల్ల, కుక్కర్‌లో అన్నం, ఒక గాజు గిన్నెలో ఏవో ఆకులు.

సోయా ఆకులు. ఎండాకులా పసుపుపచ్చగా, ఒకదాని మీద ఒకటి పేర్చి, సోయా ముద్దలో ఊరబెట్టినవి. ఈ రేవు ఊళ్ళో అవి ఎవరూ ఊరబెట్టరు. మా దల్‌సుక్ అయితే పశువుల మేత అంటుంది. దేగు వైపు మనుషులకి అవి ప్రాణం. ఒక ఆకు తీసి నోట్లో వేసుకున్నాను. వెల్లుల్లి సన్నగా తరిగినది, కాస్త ఎండుమిరప, చివర్లో నువ్వుల వాసన. ఆ చెయ్యి నాకు తెలుసు.

"ఇవి ఎక్కడివిరా?"

మాట్లాడడు.

"తేసిక్!"

"అత్తగారు నీకిమ్మన్నారు" అన్నాడు. నలభై ఆరేళ్ళవాడు, చెవులు ఎర్రబడిపోయాయి. "పదో తారీకున మిరాన్ కాగితాలు కొన్ని ఇవ్వడానికి వెళితే, డబ్బా చేతిలో పెట్టి, మీ అమ్మకివ్వు నాయనా, చారు రోజు చెప్పవలసిన మాట చెప్పలేదని చెప్పు అన్నారు. ఇద్దామనే తెచ్చానమ్మా. దారిలో మూత తీశాను. ఒక్క ఆకే తిందామని."

"తర్వాత?"

"పెళ్ళైన కొత్తలో వెళితే కోడిని కోసేవారు. కోడి ఎవరైనా వండుతారమ్మా. నాకు ఆవిడ పెట్టినవాటిలో ఇవే ఇష్టం. ఇక ఎప్పుడు దొరుకుతాయి? అడిగే మొహం లేదు. రోజుకి నాలుగేసి ఆకుల చొప్పున తిన్నాను. ఇవి ఆఖరివి."

"డబ్బా కడిగి తెచ్చిచ్చావు."

"కడగకుండా ఇస్తే నువ్వు తిడతావని."

వీపు మీద ఒక్కటి వేశాను, చెయ్యి నొప్పి పుట్టేలా. కోసుకున్న చెయ్యే. తర్వాత అన్నం వడ్డించి, మిగిలిన ఆకులు వాడి ముద్ద మీద ఒక్కొక్కటే పెట్టాను. తింటూ ఏడ్చాడు. విడాకుల మాట చెప్పిన రోజు కూడా ఏడవలేదు. ఆ పిల్ల చారు వెచ్చపెట్టినన్ని సార్లూ వీడు ఎక్కడున్నాడో నేనెప్పుడూ అడగలేదు. అడిగాను ఇవాళ.

"కార్ఖానా గేటు దగ్గరి హోటల్లో" అన్నాడు. "ఇంటికి వెళితే మాట్లాడాలిగా."

నా కొడుకే. నోరు తెరవని జాతి. ముల్లు ఎక్కడుందో ఇప్పటికి కనబడింది నాకు.

వచ్చేముందు చెప్పాను. "ఎల్లుండి కోర్టుకి ఆవిడ కూడా వస్తుంది కదా. ముందు ఆవిడ దగ్గరికి వెళ్ళి వంగి దణ్ణం పెట్టి, ఆకులు నేనే తినేశాను, మా అమ్మకి ఒక్కటీ చేరలేదు, మీరన్న మాట కూడా నా దగ్గరే ఉండిపోయింది అని చెప్పు. ఆ తర్వాతే విడాకులు. అంతకుముందు లోపల కాలు పెట్టావో, నేనే వచ్చి జడ్జిగారితో చెబుతాను."

"అమ్మా, కోర్టులో ఆకుల సంగతా?"

"ఆకుల సంగతే ముందు."

మార్చి 26, గురువారం

అయిపోయిందట. తేసిక్ ఫోను చేశాడు. "చెప్పావా?" అన్నాను. "చెప్పాను" అన్నాడు. "ఏమంది?" అన్నాను. "నవ్వారు. తర్వాత కళ్ళు తుడుచుకున్నారు. సరిగా తింటున్నావా అని అడిగారు."

మిరాన్ కూడా ఫోను తీసుకుంది. "అత్తయ్యా" అంది. ఇంక అలా పిలవనక్కర్లేదు, అయినా అంది. "ఆరోగ్యం జాగ్రత్త." నేను కూడా ఏదో అనాలి. "నీ చారు బాగుండేది" అన్నాను. ఒకసారే తాగాను. కానీ బాగుండేది. ఆ పిల్ల చాలాసేపు ఫోను పెట్టలేదు.

మార్చి 27, శుక్రవారం

నీలం మూత డబ్బాలో ఆల్చిప్పల ఊరగాయ పెట్టుకుని, కారం తగ్గించి, ఆవిడ ఇంటికి వెళ్ళాను. తలుపుకి తాళం. పక్కింటావిడ, నిన్న కోర్టు నుంచి అటే మాసాన్ వెళ్ళిపోయారని చెప్పింది. సామాను లారీ పొద్దున వెళ్ళిందట.

తలుపు మీద ఏ చీటీ లేదు. రాసి అంటించినా నాకేం తెలుస్తుంది? అది ఆవిడకి తెలుసు.

కాళ్ళు సందులోకి వాటంతటవే వెళ్ళాయి. హోటలామె నన్ను చూడగానే గిన్నె కింద మంట తగ్గించి వచ్చింది.

"బామ్మా, నిన్న పొద్దున ఆవిడ వచ్చారు. మీకు నోటితోనే చెప్పమన్నారు. నాచేత రెండుసార్లు వల్లె వేయించారు. కొసొంగ్‌లో చివర ఒకటీ ఆరూ వచ్చే తారీకుల్లో సంత. మాసాన్‌కీ ఇక్కడికీ సరిగ్గా మధ్య. పదకొండో తారీకు, పదకొండున్నరకి, బస్సు దిగేచోట నిలబడి ఉంటారట. సంతలో కాల్చిన చేప హోటల్ ఒకటి ఉందట, ఒక్కరే వెళితే పెట్టరట."

"పెట్టరా?"

"అలాగే చెప్పమన్నారు."

"అక్కడ ఒక్కరికీ పెడతారేమో, ఎవరికి తెలుసు?"

"నాకేం తెలుసు బామ్మా" అంది నవ్వు ఆపుకుంటూ. "నేను మాత్రం పెట్టను."

ఏప్రిల్ 1, బుధవారం

ఇంకా పది రోజులు. దల్‌సుక్ ఎందుకు పాడుతున్నావని అడిగింది. నేను పాడలేదు.

ఏప్రిల్ 10, శుక్రవారం

కొసొంగ్ వెళ్ళేది డబ్బా ఇవ్వడానికి. నా దగ్గర ఉంచుకుంటే దొంగతనం.

సరే, అందుకు కాదు.

ఏప్రిల్ 11, శనివారం

బస్సు దిగేసరికి అక్కడే నిలబడి ఉంది. చేతిలో సంచి. కాస్త చిక్కింది. రెండు గదుల ఇల్లు ఒంటికి పట్టలేదు.

"ఆలస్యం" అంది.

"బస్సు నేను నడిపానా?"

ఇద్దరం సంత మధ్యలోంచి నడిచాం. ఎప్పుడూ 'వదినగారూ' అని మొదలుపెట్టే మనిషి, ప్రతి మాటకీ ముందు ఆగి, ఆ ఖాళీని మింగి మాట్లాడుతోంది. చివరికి నాకే విసుగొచ్చింది.

"ఏమని పిలవాలో తెలియకపోతే అక్కా అను. నీకన్నా ఐదేళ్ళు పెద్దదాన్ని."

"మీరు నన్ను?"

"పేరు పెట్టి పిలుస్తాను. ఓక్‌బున్, ఆ చేపలబండి చూసుకుని నడు."

హోటల్ చిన్నది. నాలుగు బల్లలు. గోడ మీద చీటీల వంక చూస్తూ, ఎప్పటిలాగే తనలో తాను గొణుక్కుంది. "ఏముందీ... కాల్చిన చేప, రిబ్బన్ చేప పులుసు, మాచిపత్రి చారు ఈ వారంతో ఆఖరు..." నేను అటు చూస్తున్నట్టు నటించాను. మా పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన ఒక్కడే కూర్చుని కాల్చిన చేప తింటున్నాడు. ఒక్కడే. నేను ఆయన్ని చూశాను. ఓక్‌బున్‌ని చూశాను. ఓక్‌బున్ గోడని చూసింది.

చారులో ఉప్పు చాలదని నేనూ, సరిపోయిందని తనూ అనుకుంటుంటే ఆ హోటలామె చేప తెచ్చి పెట్టింది.

"అక్కచెల్లెళ్ళా?"

"మొహాలు చూస్తే అలా ఉన్నాయా?" అన్నాను.

"తగవు చూస్తే అలా ఉంది" అంది.

పై వైపు అయిపోయింది. నా పుల్లలు అలవాటుగా ముల్లు మీదికి వెళ్ళబోయాయి. ఆపేశాను. పళ్ళెం ఆవిడ వైపు తోశాను.

"తిప్పు."

"వద్దక్కా."

"తిప్పమంటున్నాను. మా ఆయన మంచం మీద పోయి తొమ్మిదేళ్ళయింది. నా కొడుకు ఇనుము అతుకుతాడు. నాకు సముద్రం మీద ఎవరున్నారని? చేప మీద కోపం కాదు నాది. ఆ రోజు మా ఇంటి మగాళ్ళెవరూ నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు. చెప్పకుండా వెళ్ళి ఉప్పు చల్లాను. కాపలా కాదు ఓక్‌బున్. ముల్లు నీ గొంతులో పడుతుందని తీసేదాన్ని. అంతే."

ఈ ఫోనుకి నెలన్నరగా చెబుతున్నదానికన్నా అది ఎక్కువ మాట్లాడినట్టయింది. మొదటి రోజు నా వాదన అని చెప్పాను చూడు, అది కొట్టెయ్. వద్దులే, ఉండనీ. ఎవరు చదువుతారు?

ఓక్‌బున్ చేపను తిప్పలేదు. "ఈ ఊళ్ళో కూడా పడవలుంటాయి కదా" అంది. పుల్లలు తలకిందులుగా పట్టుకున్నంత అవకతవకగా నడుం ముల్లు కింద దూర్చి, మెల్లిగా ఎత్తింది. మధ్యలో విరిగింది. మళ్ళీ దూర్చింది. పక్క బల్ల ముసలాయన కూడా తినడం ఆపి చూశాడు. చివరికి ముల్లు పక్కన పెట్టి, కింది వైపు పొట్ట భాగం, అన్నిటికన్నా కొవ్వున్నది, తీసి నా అన్నం మీద పెట్టింది.

బుద్ధి తెలిశాక నాకు ఇంకొకరు ముల్లు తీసి పెట్టడం ఇదే మొదలు.

"తిను అక్కా. ముళ్ళేం లేవు, చూశాను."

నాలుగు వచ్చాయి. ఒక్కటీ చెప్పలేదు.